రెచ్చగొట్టిందా, ఉత్తేజపరిచిందా, కదిలించిందా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ నమస్కారం. మా ఇంట్లో తెలుగే గానీ నా చదువంతా ఒడియాలో సాగింది. సంక్రాంతికి మా వీధి పిల్లల చేత బొబ్బిలి యుద్ధం బుర్రకథ చెప్పిద్దామని రాస్తున్నాను. రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడికి బొబ్బిలి కోట పడిపోయింది, అయినవాళ్లు పోయారన్న కబురు అందే ఘట్టం దగ్గర కలం ఆగిపోయింది. కబురు ఆయన్ని ‘ఉత్తేజపరిచింది’ అని రాద్దామంటే మా పెదనాన్న వద్దంటున్నారు. ‘రెచ్చగొట్టింది’ అనడానికి నాకే మనసొప్పడం లేదు. మనిషి లోపలి భావాన్ని లేపడానికి ఇన్ని మాటలున్నాయి కదా, ఏది ఎక్కడ వాడాలి?

గుణుపురం మాస్టారు:
అమ్మా, ముందు నీ చిక్కు ఎక్కడిదో చెబుతాను. ఊళ్లో గొడవ జరిగితే ఒడియా పేపర్లు ‘ఉత్తేజన’ అని రాస్తాయి. దాన్ని మనం ఉద్రిక్తత అంటాం. తెలుగులో ఉత్తేజం మంచి మాట, డీలాపడ్డవాడికి సత్తువ తెచ్చేది. సముద్రం ముందు దిగాలుగా కూర్చున్న వానరుల్లో జాంబవంతుడు లేచి హనుమంతుడికి తన బలం గుర్తుచేశాడే, అదీ ఉత్తేజపరచడమంటే. అయినవాళ్లు పోయారన్న కబురు ఎవరినీ ఉత్తేజపరచదు. మీ పెదనాన్నగారు చెప్పిందే సరి.

మిగతా మాటలకు నేను బడిలో చెప్పిన పద్ధతి ఒకటుంది. మాటకు ముందు ఏముందో చూడు. ‘మీదికి’ ఉంటే మూడో మనిషికి ముప్పు. కుక్కను ఉస్కో అని వదిలినట్టు ఒకరి మీదికి ఇంకొకరిని ఉసిగొల్పుతారు. ఉసిగొల్పినవాడు మాత్రం ఒడ్డునే కూర్చుంటాడు. శకుని చేసిన పని అదే. ‘కు’ ఉంటే అక్కడ జరగాల్సిన పని ఒకటుంటుంది. చదువుకు పురికొల్పింది అంటాం, నేరానికి పురికొల్పాడు అనీ అంటాం. మంచీ చెడూ ఆ పనిని బట్టే.

ఉద్యోగపర్వంలో విదుల కథ చదువు. సింధురాజు చేతిలో ఓడి వచ్చి పడుకున్న కొడుకును ఆ తల్లి నానా మాటలూ అని మళ్లీ యుద్ధానికి లేపుతుంది. ఆ కథే కుంతి కృష్ణుడికి చెప్పి, తన కొడుకులకు వినిపించమంటుంది. అంత కటువుగా మాట్లాడినా విదుల రెచ్చగొట్టింది అనలేం. రెచ్చగొట్టడంలో రెచ్చిపోయినవాడికి నష్టం, రెచ్చగొట్టినవాడికి లాభం. విదుల కోరింది కొడుకు మేలు. అందుకే అది పురికొల్పడం.

కదిలించడం వేరే దారి. కదిలినవాడు ఎవరి మీదికీ వెళ్లక్కర్లేదు, ఏ పనీ చెయ్యక్కర్లేదు. గొంతు పూడుకుపోతే చాలు.

బరంపురం కోడలు:
మాస్టారూ, మా అమ్మమ్మ వాడే మాట ఒకటి చేరుస్తాను. ఎగదోయడం. పొయ్యిలో కట్టె కొస కాలిపోయి మంట తగ్గుతుంటే, మిగిలిన కట్టెను లోపలికి తోస్తాం కదా, అది. అంటే మంట అప్పటికే ఉండాలి. లేని మంట పుట్టించడం రాజెయ్యడం. ఇళ్ల మధ్య మాటలు మోసేవాళ్లను అమ్మమ్మ ఈ రెండు రకాలుగా విడదీసేది. రాజేసినవాళ్లు తెలియక నోరు జారి ఉంటారని సర్దుకునేది. ఎగదోసినవాళ్లను మాత్రం గడప తొక్కనిచ్చేది కాదు, మండుతోందని చూస్తూనే తోశారు కదా అని. ఆ తేడా నాకు ఇప్పటికీ చాలా న్యాయంగా అనిపిస్తుంది.

మహేంద్రతనయ:
చాలా సంతోషం మాస్టారూ, అక్కా. మరి ‘పాపారాయుణ్ణి ఆ కబురు రగిలించింది’ అంటే కుదురుతుందా?

గుణుపురం మాస్టారు:
కుదురుతుందమ్మా, కానీ వెంటనే రగలనివ్వకు. 1757 జనవరి 24న కోట పడిపోయింది. ఆయన వచ్చేసరికి కాపాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ముందు కుమిలిపోవాలి. ఆ తర్వాతే రగలాలి. బొబ్బిలి మీదికి వచ్చిన విజయనగరం రాజు విజయరామరాజు డేరాలోకి దూరేంత కసి ఆ కుమిలిపోవడంలోంచే వచ్చిందని వినేవాళ్లకు తెలియాలి.

కబురు చెప్పేటప్పుడు కథకుడు తంబురా మీటకూడదు, చేతి అందెలు కూడా మోగకూడదు. ఉత్త మాటే వినిపించాలి. జనం కదిలేది అక్కడే. ‘రగిలింది’ అన్న మాట దగ్గర రెండు డక్కీలూ ఒక్కసారి అందుకోవాలి. నువ్వు రెండు మాటలు వాడినా, రెండింటికీ మధ్య ఈ ఖాళీ ఉంటేనే పిల్లలకు పలకడం వస్తుంది. హాస్యం చెప్పే వంతను ఆ ఘట్టం అయ్యేదాకా నోరు విప్పనివ్వకు.