కాలేజీ మెయిల్ బందైతే పాత కమిట్లు, లాగిన్ ఏమైతయి?

హనుమకొండ_టెర్మినల్:
మా కాలేజీ మెయిల్ ఈ జూన్‌లో బందు చేస్తరట. కోడ్ దాచుకునే గిట్‌హబ్, ఫెడోరా లినక్స్ ప్రాజెక్టు ఖాతాలు రెండూ దానిమీదనే ఉన్నయి. జీమెయిల్‌కు మారి, పాత అడ్రస్ తీసేస్తే కమిట్లు (కోడ్‌లో నేను నమోదు చేసిన మార్పులు) నా పేరు మీదనే ఉంటయా? ఫెడోరా ఇచ్చే ఏలియాస్‌నే (మారుపేరు మెయిల్ అడ్రస్) అన్నిటికీ లాగిన్‌గా పెట్టుకోవచ్చా అన్నా?

కాజీపేట_కర్నెల్:
తీసెయ్యకు తమ్మీ. గిట్‌హబ్ కమిట్‌ను ఖాతాకు కలిపేది కమిట్‌లో రాసున్న ఈమెయిల్‌ను చూసి. అది ఖాతాలోంచి తీసేస్తే ఆ కమిట్ల పక్కన నీ ఫొటో, ప్రొఫైల్ లింకు పోయి ఉత్త పేరే మిగుల్తది. మెయిల్‌బాక్స్ పనిచెయ్యకున్నా, వెరిఫై అయిన అడ్రస్ ఖాతాలో ఉంటే చాలు.

కాలేజీ మెయిల్ నడుస్తున్నప్పుడే సెట్టింగ్స్‌లో ఈమెయిల్స్ తెరిచి జీమెయిల్ చేర్చు, వెరిఫై చెయ్యి, ప్రైమరీ చెయ్యి. కొత్త కమిట్లకు ఆ పేజీలోనే కనిపించే నోరిప్లై అడ్రస్ (అసలు మెయిల్ బయటపడకుండ గిట్‌హబ్ ఇచ్చేది) పెట్టు. 2017 జులై 18 తర్వాత తెరిచిన ఖాతాలకు అది ఐడీ నంబరుతో మొదలైతది. నంబరుతో సహా కాపీ చెయ్యి. నంబరున్నది పెడితే రేపు యూజర్‌నేమ్ మార్చినా కమిట్లు నిన్ను విడువయి. తర్వాత ప్రతి రిపోలో (ప్రాజెక్టు కోడ్ ఉండే ఫోల్డర్) "గిట్ కాన్ఫిగ్ --షో-ఆరిజిన్ యూజర్.ఈమెయిల్" కొట్టి, ఏ అడ్రస్ ఎక్కడినుంచి వస్తుందో చూడు. గ్లోబల్‌గా (అన్ని రిపోలకు కలిపి) మార్చినా, రిపో లోపల పాతది రాసి ఉంటే అదే చెల్లుతది. చాలామంది ఇక్కడనే దెబ్బతింటరు.

ఓరుగల్లు_ప్యాచ్:
ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ కాలేజీ అడ్రస్ రేపు ఇంకొకరికిస్తే పాస్‌వర్డ్ రీసెట్ లింకు వాళ్ల చేతికి పోతది. అదే పేజీలో బ్యాకప్ అడ్రస్ దగ్గర ప్రైమరీ ఒక్కటే ఉండేటట్టు ఎంచుకో. రికవరీ కోడ్లు (లాగిన్ ఆగిపోతే పనికొచ్చేవి) కాగితం మీద ప్రింటు తీసి దాచుకో.

ఇగ ఏలియాస్. దానికి సొంత మెయిల్‌బాక్స్ ఉండదు, ఖాతాలో నువ్విచ్చిన అసలు అడ్రస్‌కు తోసుడే దాని పని. దాన్నే ఫెడోరా ఖాతా మెయిల్‌గా పెడితే తాళంచెవి ఇంట్ల పెట్టి తాళమేసినట్టే. ఇంకో లినక్స్ అయిన ఉబుంటు మెంబర్ల ఏలియాస్ కూడా అంతే, లాంచ్‌ప్యాడ్‌లో (ఉబుంటు ఖాతాలుండే సైటు) ప్రిఫర్డ్‌గా పెట్టిన అడ్రస్‌కే చేరుతది. సభ్యత్వం మీద వచ్చింది సభ్యత్వంతోనే పోతది. లాగిన్‌కు ఎప్పుడూ నీ సొంత మెయిల్‌బాక్స్ ఉండాలె.

హనుమకొండ_టెర్మినల్:
సమజైందన్నా. షార్ట్‌లాగ్‌లో (ఎవరెన్ని కమిట్లు చేసిన్రో చూపే గిట్ జాబితా) నా పేరు మూడుసార్లొస్తుంది, ఒక దాంట్ల జీమెయిల్‌కు చుక్క ఉంది, ఒక దాంట్ల లేదు. హిస్టరీ తిరగరాయాల్నా?

కాజీపేట_కర్నెల్:
వద్దు. తిరగరాస్తే అక్కడినుంచి హాష్‌లన్నీ (కమిట్ల గుర్తింపు సంకేతాలు) మారుతయి, మిగతావాళ్ల క్లోన్లు (రిపో కాపీలు), తెరిచున్న పుల్ రిక్వెస్టులు (మార్పులు కలుపుమని పెట్టినవి) చెడిపోతయి. చుక్కలు జీమెయిల్‌కు లెక్కలేదు గని గిట్‌కు అవి వేర్వేరు అడ్రస్‌లే. రిపో మొదటి ఫోల్డర్‌లో ".మెయిల్‌మ్యాప్" ఫైల్ పెట్టి, పాత అడ్రస్‌కొక వరుస రాయి:

నీ పేరు <కొత్త అడ్రస్> <పాత అడ్రస్>

"గిట్ షార్ట్‌లాగ్ -ఎస్ఎన్ఈ" మళ్ల కొట్టు, మూడూ ఒక్కటైతయి. గిట్‌హబ్ ప్రొఫైల్‌కు మాత్రం ఈ ఫైల్‌తోని పని కాదు, చుక్కున్నది, లేనిది రెండూ కమిట్లలో ఎట్లున్నయో అట్లనే ఖాతాలో చేర్చు.