తెరచాప పడవకి సెల్ఫ్ బెయిలర్: అడుగున ఎక్కడ కొయ్యాలి?

అందరికీ నమస్కారం. మాది నరసాపురం. వశిష్ఠ గోదావరిలో తిప్పుకోడానికి 14 అడుగుల పాత ఫైబర్ తెరచాప పడవ కొన్నాను. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక అంతర్వేది వైపు వెళ్తే అలలు ఎగిరి లోపల పడుతున్నాయి. ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో తెరచాప తాడు పట్టుకుంటే ఇక మగ్గుతో తోడేదెవరు?

అందుకే స్టీలు సెల్ఫ్ బెయిలర్ (పడవ అడుగున రంధ్రం కోసి బిగించే, లోపలి నీళ్లని బయటికి పంపే చిన్న పరికరం) తెప్పించాను. పడవ వేగం మీదున్నప్పుడు కిందికి దించితే నీళ్లని అదే లాగేస్తుంది, నెమ్మదిస్తే మూసెయ్యాలి. అంతవరకు తెలుసు. టెన్షన్ అంతా కొయ్యడం గురించే. సెంటర్‌బోర్డు పెట్టె (పడవ పక్కకి కొట్టుకుపోకుండా నీళ్లలోకి దించే పలక ఉండేది) వెనక, నీళ్లు చేరే పల్లంలో పెట్టాలట. అక్కడ వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తోంది. లోపలి నేలకీ అడుగుకీ మధ్య ఖాళీ ఉన్నట్టుంది. కోసిన అంచులకి ఎపాక్సీ జిగురు పూస్తే చాలా, లేక ముందు ఆ ఖాళీలో చెక్క దిమ్మ అతికించి, దాన్ని కొయ్యాలా? నీరు ఆ సందులోకి దిగితే పడవ బరువెక్కిపోతుందని నా భయం.

ఇంకోటి, పాటు సమయంలో (సముద్రం నీరు వెనక్కి తగ్గినప్పుడు) ఇక్కడ ఇసుక మేటలు బయటపడతాయి. దించిన బెయిలర్ మేటకి తగిలితే వంగిపోదా? పడవని ఇసుక మీదికి లాగేవాళ్లు ఎవరైనా ఇది వాడుతుంటే చెప్పండి, ప్లీజ్. రంపం పట్టకుండా ఆగాను.