ఐసీఎంఆర్ రెసిస్టెన్స్ లెక్కలు మన జిల్లాలకి వర్తిస్తాయా?

పల్లెడాక్టరు: ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) 2021 రిపోర్టు ప్రకారం ఈ-కొలై బ్యాక్టీరియాకి ఇమిపెనెమ్ అనే పెద్ద యాంటీబయాటిక్ పనిచెయ్యకపోవడం (రెసిస్టెన్స్) 2016లో 14 శాతం, 2021కి 36. పేపర్లో చూసి పేషెంట్లు "ఇక మందులు పనిచెయ్యవంట కదా సార్" అంటూ వస్తున్నారు. ఆ శాంపిల్స్ పెద్దాసుపత్రులవి, నాలుగు చోట్ల తిరిగి ఉన్న యాంటీబయాటిక్కులన్నీ వాడేసి ఐసీయూలో తేలిన కేసులు ఎక్కువ. మూత్రంలో మంటని నా దగ్గరికొచ్చే ఆవిడకీ దానికీ ఏం సంబంధం?

ప్లేట్లబ్బాయి: లేదని మీకెలా తెలుసు సార్, కల్చర్ (ఏ బ్యాక్టీరియా ఉంది, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష) పంపితే కదా? మందు ఫెయిలయ్యాకే పంపుతారు కాబట్టి లెక్క ఎక్కువ కనబడుతుంది, నిజమే. కానీ అదే రకం ఆసుపత్రుల్లో క్లెబ్సియెల్లా అనే ఇంకో బ్యాక్టీరియాకి ఇమిపెనెమ్ పనిచేసేది 2016లో 65 శాతం, 2021లో 43. ఆ పడిపోవడం ఎక్కణ్ణుంచి వచ్చింది?

పల్లెడాక్టరు: అదే రకం అని నువ్వంటే సరిపోద్దా తమ్ముడూ. 2013లో కొన్ని సెంటర్లతో మొదలెట్టి తర్వాత కలుపుకుంటూ పోయారు. ఒకే పేషెంటు శాంపిల్ ఐదుసార్లొస్తే ఐదు కేసులా?

ప్లేట్లబ్బాయి: కాదు. పేషెంటుకి మొదటిదొక్కటే లెక్క, ఒక్కో బ్యాక్టీరియాకి కనీసం 30 శాంపిల్స్ ఉంటేనే శాతం వెయ్యాలి. అది రూలు.

పల్లెడాక్టరు: రూలు సరే, పాటిస్తున్నారా? ఏదీ పనిచెయ్యనప్పుడు ఆఖరికి వాడే కొలిస్టిన్ సంగతేంటి? 2020లో సీఎల్ఎస్ఐ (ల్యాబు పరీక్షలకి ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ) వాళ్ళు ఆ మందుకి అసలు 'ససెప్టిబుల్' (అంటే పనిచేస్తుంది) అనే గడే ఎత్తేశారు. 2019 అంకె పక్కన 2021 అంకె ఎలా పెడతావ్?

ప్లేట్లబ్బాయి: పెట్టకూడదు. దానికంటే ఘోరం, కొలిస్టిన్‌కి డిస్కు (మందు అద్దిన చిన్న కాగితం బిళ్ళ) ప్లేట్లో పెట్టి రాసిచ్చేస్తున్న ల్యాబులు. ఆ మందు అగార్‌లో (ప్లేట్లో బ్యాక్టీరియాని పెంచే జెల్లీలో) సరిగ్గా పాకదు, బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా పెరగని రింగు కొలిచి లాభం లేదు. మీరు ఇమిపెనెమ్ గురించి మాత్రం జవాబు చెప్పలేదు.

హైద్రాబాదోడు: 2007లో స్వీడన్ వాళ్ళు పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధి చేసే ప్లాంటు నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని తేల్చారు. మీరు ఆసుపత్రుల దగ్గరే కొట్టుకోండి.

విజీ_నెల్లూరు: మా మామయ్యగారికి షుగర్ పుండు, ఓ ప్రైవేటాసుపత్రిలో చేర్చాం. రోజుకి మూడు పూటలా మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఎక్కించారు, కల్చర్ ఏమైందంటే "రొటీనేనండీ" అన్నారు. ఇంటికొచ్చాక ఫైలు తిరగేస్తే మెరోపెనెమ్ ఎదురుగా 'ఆర్' (రెసిస్టెంట్, అంటే పనిచెయ్యదు) అని ఉంది, ఆ రిపోర్టు వచ్చాక కూడా అదే ఎక్కించారు!! కాలు తీసేశారు. ఆ ఆసుపత్రి మీ ఏ లెక్కలో ఉంది చెప్పండి.

ప్లేట్లబ్బాయి: ఏ లెక్కలోనూ ఉండదక్కా. అందుకే ప్రతి ఆసుపత్రీ ఏటా తన యాంటీబయోగ్రామ్ (ఏ బ్యాక్టీరియాకి ఏ మందు ఎంత శాతం పనిచేస్తోందో చెప్పే పట్టిక) పేరుతో సహా బయటపెట్టాలంటాను.

పల్లెడాక్టరు: ఆఁ, వచ్చావా అసలు దానికి! పేర్లు పెడితే కల్చర్ చేసేవాడికి చెడ్డపేరు, చెయ్యనివాడు కడిగిన ముత్యం. రేపట్నించి ఒక్కడూ శాంపిల్ పంపడు.

ప్లేట్లబ్బాయి: మరి ఇందాకట్నుంచి డూప్లికేట్లనీ కొలిస్టిననీ ఎందుకు సార్ తిప్పారు, భయం ఇదని ముందే చెప్పొచ్చుగా.

పల్లెడాక్టరు: భయమే. అద్దాలు పగిలేది మా ఆసుపత్రివి, నీ ల్యాబువి కాదు.

నిశ్శబ్దం: కేరళ 2018లో కార్సాప్ (మందులకి లొంగని బ్యాక్టీరియాపై రాష్ట్ర కార్యాచరణ ప్రణాళిక) పెట్టింది, రాష్ట్రం మొత్తానికి కలిపి యాంటీబయోగ్రామ్ ఇస్తోంది. ముందు అదైనా చెయ్యొచ్చుగా.

విజీ_నెల్లూరు: రాష్ట్రం మొత్తానికి కలిపితే నాకేం తెలుస్తుంది?

పల్లెడాక్టరు: పేరు తెలిస్తే మాత్రం? అర్ధరాత్రి ఐసీయూ బెడ్డు ఎక్కడ దొరికితే అక్కడికే కదమ్మా పోతారు.

విజీ_నెల్లూరు: ఎక్కడికి పోవాలో మేం చూసుకుంటాం. ముందు మీ ఆసుపత్రిది పెట్టండి.