ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలో బీపీ చూడాలనుకుంటున్నాను. ఎలా మొదలుపెట్టాలి?

నర్సు_పల్లెసంఘం

అందరికీ వందనాలు. నేను జీఎన్‌ఎం చేసి స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మా సంఘానికి ఆదివారం 60 నుంచి 70 మంది వస్తారు, సగం మంది 50 దాటినవాళ్ళే. 1 పేతురు 4:10 ధ్యానిస్తుంటే దేవుడు నా చేతికిచ్చిన పని ఇదే అనిపిస్తోంది. నెలకు రెండు ఆదివారాలు ఒక గంట బీపీ చూద్దామని ఉంది.

అడగాలనుకున్నవి: ఏమేం కొనాలి? ఆరాధన అయిన వెంటనే చూస్తే వచ్చే అంకె నిజమైనదేనా? షుగర్ కూడా చూడవచ్చా? ఇంకొకటి, కృపావరం అంటే ప్రవచనం, భాషలు, స్వస్థత మాత్రమే అనే పెద్దలకు ఏం చెప్పాలి?

ట్యూటర్_గుంటూరు

చెల్లీ, ముందు ఆ అంకె సంగతి చూద్దాం, ఎక్కువ చోట్ల తప్పు జరిగేది అక్కడే. గంటసేపు నిలబడి చప్పట్లు కొట్టి పాడి, అప్పుడే ఇచ్చిన టీ తాగి, పక్కనున్నవారితో మాట్లాడుతూ వచ్చిన మనిషికి వెంటనే కఫ్, అంటే చేతికి చుట్టే బీపీ పట్టీ, కడితే పై అంకె 150 కనబడుతుంది. ఇంటికెళ్ళి భయంతో నిద్రపోరు. లేదంటే ఆసుపత్రిలో 130 వచ్చేసరికి మీ బల్ల మీదే నమ్మకం పోతుంది.

చేయాల్సింది ఇది. బల్లకు కాస్త దూరంగా, వీపుకు ఆనుకునే కుర్చీలు నాలుగైదు వేయండి. బెంచీలు వద్దు. వచ్చినవారు ముందు మూత్రానికి వెళ్ళి వచ్చి, పాదాలు నేల మీద ఆనించి, కాలు మీద కాలు వేయకుండా, మాట్లాడకుండా 5 నిమిషాలు కూర్చోవాలి. టీ, కాఫీ, పొగాకు ముట్టి 30 నిమిషాలు దాటాలి. అందుకే ఆ రోజు టీ బీపీ చూశాక ఇమ్మని వంటవాళ్ళకు ముందే చెప్పండి. చెయ్యి బల్ల మీద, కఫ్ గుండె ఎత్తులో ఉండాలి. చెయ్యి 10 సెంటీమీటర్లు కిందికి వేలాడితేనే అంకె 7, 8 పెరుగుతుంది.

జాకెట్టు చేతిని, చొక్కా చేతిని బిగుతుగా పైకి మడిచి కట్టడం మామూలుగా జరిగే పొరపాటు. ఆ మడత తాడులా బిగుసుకుంటుంది. బట్ట పైనా కట్టకూడదు. మగవాళ్ళు చొక్కా చెయ్యి పూర్తిగా తీయాలి. ఆడవాళ్ళ కోసం ఒక తెర, తెర వెనుక ఒక అక్క తప్పనిసరి.

మణికట్టు మిషన్ కొనకండి, పై చేతికి కట్టే డిజిటల్ మిషన్ తీసుకోండి. కఫ్‌లు రెండు కావాలి: 22–32 సెంటీమీటర్లది ఒకటి, 32–42ది ఒకటి. దర్జీ టేపుతో చేతి మధ్యలో కొలిచి ఏది సరిపోతుందో చూడండి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనబడుతుంది. నాడి లయ తప్పి కొట్టుకునేవారికి మిషన్ అంకె నమ్మలేం. వారికోసం గడియారంలా ముల్లు తిరిగే బీపీ మీటరు, స్టెతస్కోపు పక్కన ఉంచండి. పాత సెల్స్‌తో మిషన్ మధ్యలో ఆగిపోతుంది, ఒక జత అదనంగా పెట్టుకోండి.

నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయండి. అంటే మనిషికి సుమారు 5 నిమిషాలు, గంటకు 12 మంది. అందరినీ ఒకే రోజు చూడాలనుకోవద్దు. 140/90 దాటితే వారికి బీపీ ఉందని మీరు తేల్చేయకండి, మరో రోజు మళ్ళీ చూసి, అప్పుడూ ఉంటే పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) పంపండి. 180/110 దాటితే 5 నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూడండి, అలాగే ఉంటే అదే రోజు డాక్టరు దగ్గరికి. దానితో పాటు ఛాతీ నొప్పి, మాట తడబాటు, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం ఉంటే 108. గర్భిణికి 140/90 వస్తే వచ్చే వారం దాకా ఆగకూడదు, అదే రోజు ఆసుపత్రికి పంపాలి. తలనొప్పి, చూపు మసక ఉంటే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు.

షుగర్ మాత్రం రెండు మూడు నెలలు ఆగి మొదలుపెట్టండి. రక్తంతో పని. మనిషికో కొత్త లాన్సెట్ (వేలికి గుచ్చే చిన్న సూది), సూది గుచ్చుకుపోని గట్టి డబ్బా, నిండాక దాన్ని పీహెచ్‌సీ వారికి అప్పగించే ఏర్పాటు కావాలి. వేలు సబ్బు నీళ్ళతో కడిగి ఆరనివ్వాలి. అరటిపండు తిన్న చేత్తో వస్తే పండు తీపే 250 చూపిస్తుంది.

పల్లె_కాపరి

అమ్మా, వందనాలు. పెద్దలకు చూపించాల్సింది నిర్గమకాండము 31. దేవుడు ఆత్మతో నింపానని చెప్పిన బెసలేలు చేసింది బంగారం, వెండి, చెక్క, రాళ్ళ పని. రోమా 12:6-8లో కూడా ప్రవచనం పక్కనే పరిచర్య, పంచిపెట్టడం, కరుణించడం ఉన్నాయి. మన గుంటూరు చరిత్రే చూడండి: అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చినప్పుడు ఆమెకు అప్పగించిన పని స్త్రీల మధ్య, బడుల్లో. వైద్యం ఆ పక్కనే మొదలై 1898 నాటికి ఆసుపత్రి అయింది.

ఇక సంఘంలో జాగ్రత్తలు. మొదటిది గుట్టు. ఒకరి బీపీ ఎంతో పక్కవారికి వినబడకూడదు. “ఫలానా సహోదరికి షుగర్ ఎక్కువుందట, ప్రార్థన చేయండి” అని మైకులో చెప్పడం ప్రేమతోనే జరుగుతుంది, కానీ ఆ అమ్మాయి పెళ్ళి సంబంధం దాకా వెళ్ళి నష్టం చేస్తుంది. ఆమె అడిగితేనే, ఆమె చెప్పినంతే. రిజిస్టరు మీ దగ్గరే తాళంలో ఉండాలి, పాస్టరుకైనా చూపించనవసరం లేదు. వారి అంకె, తేదీ రాసిన చీటీ వారి చేతికివ్వండి. పీహెచ్‌సీలో అదే పనికొస్తుంది.

రెండోది బిళ్ళలు. ప్రార్థన చేయించుకున్నాక “స్వస్థపడ్డాను” అని మందు మానేసేవారు ప్రతి సంఘంలో ఉంటారు. బిళ్ళ వేసుకుంటున్నందుకే అంకె బాగుందన్న సంగతి వారికి తెలియదు. వారితో వాదించవద్దు. “దేవుడు బాగుచేశాడో లేదో డాక్టరుగారే చూసి బిళ్ళ తగ్గిస్తారు, మీరు మానొద్దు” అనండి. లూకాను పౌలు ప్రియుడైన వైద్యుడు అన్నాడని మీ పాస్టరుగారు ఒకసారి ప్రసంగంలో చెబితే మీ పని సగం తేలికవుతుంది.

మూడోది, ఊళ్ళో ఇతరులు వస్తే అదే కుర్చీ, అదే వరస. ఆ బల్ల మీద కరపత్రాలు పెట్టకండి. జబ్బు భయంతో కూర్చున్న మనిషికి అప్పుడే సువార్త చెప్పడం బలవంతంలా తోస్తుంది. అలా తోస్తే మళ్ళీ రారు, బీపీ అలాగే ఉండిపోతుంది.

నర్సు_పల్లెసంఘం

అక్కకు, అయ్యగారికి కృతజ్ఞతలు. టీ సంగతి నాకు తట్టలేదు. మా దగ్గర ప్రతి నెలా మొదటి శుక్రవారం సాయంత్రం దాకా ఉపవాస ప్రార్థన ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్ళు కూడా ఉంటారు. వారికేం చెప్పాలి?

ట్యూటర్_గుంటూరు

చెల్లీ, బీపీ బల్ల కంటే ముందు చూడాల్సింది ఇదే. ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి బిళ్ళలు వాడేవారు పొద్దున మందు వేసుకుని ఏమీ తినకుండా ఉంటే మధ్యాహ్నానికి షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాట వస్తాయి. ఆత్మావేశం అనుకుని అందరూ ఇంకా గట్టిగా ప్రార్థిస్తారు, అక్కడే ప్రమాదం. తెలివి ఉంటే 3 చెంచాల పంచదార, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్ళలో కలిపి తాగించి 15 నిమిషాలకు మళ్ళీ చూడండి. 70 కంటే తక్కువే ఉంటే ఇంకోసారి ఇవ్వండి, తేరుకున్నాక భోజనం పెట్టండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉండే బిళ్ళల సంగతి వేరు. ఉపవాసంలో వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే గ్లూకోమీటరులో అంకె మామూలుగా ఉన్నా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

ఉపవాసం వారం ముందే మందుల పేర్లు అడిగి, వారిని డాక్టరు దగ్గరికి పంపండి. ఏ పూట ఎంత వేసుకోవాలో ఆయన చెబుతారు.

పల్లె_కాపరి

అలాంటివారికి దానియేలు 10:3 చూపించండమ్మా. తిండిలో అతడు మూడు వారాలు మానింది రుచిగల భోజనం, మాంసం, ద్రాక్షారసం మాత్రమే. వేళకు జొన్న రొట్టె, పప్పు తింటూ ప్రార్థనలో కూర్చోవడానికి ఏ అడ్డూ లేదు.

రిజిస్టరు_రాసేవాడు

సిస్టర్, ఒక్కరే ఎత్తుకోకండి. నైట్ డ్యూటీ దిగి వచ్చి బల్ల దగ్గర కూర్చుంటే నాలుగో నెలకు ఆగిపోతుంది. మోషేకు మామ యిత్రో చెప్పింది ఇదే కదా, నిర్గమకాండము 18. ముగ్గురు కావాలి: కుర్చీల దగ్గర నిమిషాలు చూసే యువకుడు ఒకరు, అక్షరం బాగున్నవారు ఒకరు, పంపినవారు పీహెచ్‌సీకి వెళ్ళారో లేదో బుధవారం ఫోన్ చేసి కనుక్కునేవారు ఒకరు. మూడో పని నెమ్మదిగా మాట్లాడే పెద్దావిడకు ఇవ్వండి. సంఘంలో ఆటో నడిపే తమ్ముడుంటే 180 దాటినవారిని తీసుకెళ్ళడానికి ఆ గంట ఖాళీగా ఉండమని ముందే అడగండి. రిజిస్టరులో గళ్ళు: తేదీ, పేరు, వయసు, వాడే మందులు, రెండు రీడింగులు, ఎక్కడికి పంపారు, వెళ్ళారా లేదా. చివరి గడి ఖాళీగా ఉన్న పేర్లనే వచ్చే ఆదివారం ముందు పిలవండి.