అప్‌డేట్: ఫ్లేర్ గన్‌లో షాట్‌గన్ తూటా పేల్చొచ్చా? గన్‌స్మిత్ ఏం చెప్పాడంటే

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం గాల్వెస్టన్‌లో కొన్న పాత పడవలో నారింజ రంగు ప్లాస్టిక్ ఫ్లేర్ గన్ (ఆపదలో సాయం కోసం ఫ్లేర్ అనే వెలుగు సంకేతాన్ని పైకి పేల్చేది) దొరికిందని, 12 గేజ్ (గొట్టం వ్యాసం కొలత) షాట్‌గన్ తూటా అందులో సరిగ్గా పడుతోందని, మా బావమరిది పేల్చి చూద్దామంటున్నాడని పోయిన నెల అడిగాను కదా. వద్దని గట్టిగా చెప్పిన అందరికీ థాంక్స్. పేల్చలేదు.

గన్‌స్మిత్‌కి, అంటే తుపాకులు బాగుచేసే ఆయనకి, చూపించాను. కీలు దగ్గర వెంట్రుకవాసి పగులు ఉంది, గోరుతో రాస్తే తగిలింది. పాత ఓనర్ ఎప్పుడో తూటా పేల్చి ఉంటాడని ఆయన అనుమానం. సైజు ఒకటే అయినా ఫ్లేర్ పేలినప్పుడు పుట్టే ఒత్తిడి చాలా తక్కువ. షాట్‌గన్ తూటాది చదరపు అంగుళానికి 11,500 పౌండ్ల దాకా పోతుందట. గన్ చేతిలోనే బద్దలవ్వచ్చు. గట్టిదనం కోసం లోపల ఇనుప గొట్టం దూర్చమని కొందరిచ్చిన సలహా కూడా వద్దన్నాడు, కీలూ లాకూ ప్లాస్టిక్‌వే కదా.

ఆ గన్ ఆయన దగ్గరే వదిలేసి కొత్తది కొన్నాను. ఫ్లేర్లకు తయారైన తేదీ నుంచి 42 నెలలే గడువు, పాతవన్నీ దాటిపోయాయి. అమెరికా కోస్ట్ గార్డ్ (తీర రక్షక దళం) రూల్ ప్రకారం గడువులో ఉన్నవి కనీసం మూడు ఉండాలి, తెచ్చిపెట్టాను. తూటాలు మాత్రం పడవ ఎక్కనివ్వట్లేదు. చీకట్లో, కంగారులో చెయ్యి దేనిమీద పడుతుందో చెప్పలేం.