నాటు కోళ్లకి ఏ దాణా వెయ్యాలి, వానల్లో ఎట్టా దాచుకోవాలి?

ప్రశ్న (కావలి):
పెరట్లో 8 నాటుకోళ్లు ఉన్నాయన్నా, తవుడూ నూకలే వేస్తన్నాం, గుడ్డు పెంకు మరీ పలచగా వస్తంది. లేయర్ ఫీడ్ (గుడ్లు పెట్టే కోళ్ల దాణా) 50 కేజీల బస్తా తెద్దామంటే ఈ కార్తీకం వానలకి బూజు పట్టిద్దేమోనని భయంగా ఉంది.

జవాబు (కందుకూరు):
కాల్షియం చాలట్లేదు తమ్ముడూ, నూకల్లో అది ఉండేదే తక్కువ. లేయర్ ఫీడ్‌లో 3.5–4 శాతం ఉంటది, ప్రోటీన్ 16–18 శాతం. పెట్టకి రోజుకి 100–120 గ్రాములు, బయట తిరిగి పురుగూ పుట్రా ఏరుకునేవాటికి కాస్త తగ్గినా పర్లేదు. పిల్లలకి మాత్రం పెట్టొద్దు, అంత కాల్షియం వాటి కిడ్నీలని దెబ్బతీస్తది, వాటికి స్టార్టర్ అని పిల్లల దాణా ఉంటది, అది తీసుకో.

జవాబు (ఒంగోలు):
8 కోళ్లకి 50 కేజీలు ఎందుకబ్బా, రెండు నెలలకి గానీ అవదు, వానాకాలం కొంచెం కొంచెం తెచ్చుకో. మూతుండే డ్రమ్ములో పోసి చెక్క మీద పెట్టు, గోడకి ఆనించొద్దు. మొక్కజొన్నకీ వేరుశనగ చెక్కకీ చెమ్మ తగిల్తే బూజుతో అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తది, కోడి లివర్ పాడయిద్ది, తర్వాత ఎండబెట్టినా ఆ విషం పోదు. ముక్కిన వాసనొస్తే దయచేసి పారెయ్యి.

ప్రశ్న అడిగినతను:
సరేన్నా. సముద్రం ఒడ్డున దొరికే ఆల్చిప్పలు దంచి వెయ్యొచ్చా?

జవాబు (కందుకూరు):
బాగా కడిగి ఎండబెట్టి వెయ్యొచ్చు, దాణాలో కలపకుండా వేరే గిన్నెలో పెట్టు, గుడ్లు పెట్టేవి కావాల్సినంత తింటాయి.