పది అయింది: పాలిటెక్నిక్‌కి పంపితే తమ్ముడి దారి మూసేసినట్టేనా?

గోస్తనీ_అక్క
అందరికీ నమస్తే. ఇంట్లో పది రోజులుగా ఇదే గొడవ, మీ మాట కూడా విందామని రాస్తున్నా. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి దగ్గర పల్లె. తమ్ముడు జిల్లా పరిషత్ హైస్కూల్లో పది పాసయ్యాడు, 600కి 531. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో 120కి 97. నాన్నకి ట్రాక్టర్ రిపేరు షెడ్డు ఉంది. వీడు ఏడో తరగతి నుంచీ అందులోనే పెరిగాడు. డీజిల్ ఇంజను హెడ్డు విప్పి, గ్యాస్కెట్ మార్చి, మళ్లీ బిగించేస్తాడు. మెకానికల్ డిప్లొమా చేస్తానని పట్టుపట్టి కూర్చున్నాడు.

అమ్మేమో "నట్లూ బోల్టులూ బిగించడానికి మళ్లీ చదువెందుకురా, మీ నాన్న ఏ కాలేజీకెళ్లాడు?" అంటోంది. ఫిబ్రవరి నుంచి ఓ రెసిడెన్షియల్ కాలేజీ పీఆర్వో మూడుసార్లు ఇంటికొచ్చాడు. మొదట లక్షా నలభై అన్నాడు. రెండోసారి లక్షా పది. మూడోసారి "మీ అబ్బాయి మార్కులు చూసి ప్రత్యేకంగా" తొంభై వేలు. ఇంకో రెండుసార్లు వస్తే ఎదురు డబ్బిచ్చి తీసుకెళ్లేలా ఉన్నాడు.

నేను ఇంటర్, బీటెక్ చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నా. పాలిటెక్నిక్ సంగతులు నాకు తెలీవు. నా భయం ఒకటే. పదిహేనేళ్లకే మెకానికల్ అని తేల్చేసుకుంటే, రేపు వద్దనిపిస్తే వెనక్కి రావడానికి దారుంటుందా?

డ్రాఫ్టర్_కాకినాడ
నాది కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్ అండి, మెకానికల్. తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరా. ముందు కాలం లెక్క చూడండి. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగు, మొత్తం ఆరు. డిప్లొమా మూడేళ్లు, ఈసెట్ రాస్తే బీటెక్ ఇంకో మూడు, అదీ ఆరే. తేడా ఎక్కడంటే, మూడో ఏడు అయ్యేసరికి మన చేతిలో ఓ సర్టిఫికెట్ ఉంటుంది. ఇంట్లో పరిస్థితి తలకిందులైతే దాంతో ఏదో ఒక పనిలో చేరొచ్చు. ఉత్త ఇంటర్ మార్కుల లిస్టు పట్టుకుని ఎక్కడికెళ్తాం? ఇక ఫీజంటారా, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఏడాదికి ఐదు వేల లోపే. మీ పీఆర్వో తగ్గించిన యాభై వేలతో మూడేళ్ల ఫీజు కట్టి ఇంకా మిగులుతుంది.

మొదటి ఏడాది ఫిట్టింగ్ షాపులో మాకు రెండు ఇనప పలకలిచ్చి వీ-ఫిట్ చేయమన్నారు. ఒకదాంట్లో వీ ఆకారంలో గాడి, రెండోది అందులో అతికినట్టు కూర్చోవాలి. హాక్సాతో కోసి, ఆకురాయితో అరగదీసి పట్టుకెళ్తే మా సారు రెండూ కలిపి ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి చూసేవారు. సందులోంచి సన్నటి వెలుతురు గీత కనబడిందా, మాట్లాడకుండా వెనక్కిచ్చేసేవారు. నాకు నాలుగు వారాలు పట్టింది. అరచేతిలో బొబ్బ పగిలి, మానే లోపు మళ్లీ పగిలింది. మీవాడికి ఇది నల్లేరు మీద బండి నడకే.

కానీ ఒక్క జాగ్రత్త. షెడ్డు వేరు, థర్మల్ ఇంజనీరింగ్ పేపరు వేరు. మా బ్యాచ్‌లో స్పానర్ అందరికంటే బాగా తిప్పేవాడే ఇంజనీరింగ్ మెకానిక్స్‌లో రెండుసార్లు తప్పాడు. తెలుగు మీడియం అయితే మొదటి ఏడాది గట్టిగానే తగులుతుంది. నాకూ తగిలింది.

కోడింగ్_కింగ్
ఈ రోజుల్లో మెకానికల్ ఎవరు తీసుకుంటారండీ. కళ్లు మూసుకుని కంప్యూటర్స్ ఇప్పించండి.

లెక్కల_మాస్టారు
కళ్లు మూసుకుని తీసుకున్నవాళ్లే మా దగ్గరికొచ్చి రెండో ఏట కళ్లు తెరుస్తున్నారు బాబూ. అది పక్కన పెడదాం.

అమ్మా, నేను జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. కాకినాడ అబ్బాయి చెప్పిన ఆరేళ్ల లెక్క కరెక్టే, కాని సగమే చెప్పాడు. ఈసెట్‌లో సీట్లెన్ని? లేటరల్ ఎంట్రీ, అంటే నేరుగా రెండో ఏడాదిలో చేరేవాళ్ల కింద ఇచ్చేది 10 శాతం. అరవై సీట్ల బ్రాంచికి ఆరు. మొదటి ఏడాది ఖాళీగా మిగిలిపోయినవీ కలుపుతారు, నిజమే. అవి మిగిలేది ఎవరూ వద్దనుకున్న కాలేజీల్లోనే కదా! మంచి యూనివర్సిటీ కాలేజీలో ఆ ఆరు సీట్ల కోసం రాష్ట్రంలో ఉన్న డిప్లొమా టాపర్లంతా కాచుకుని ఉంటారు. పైగా మెకానికల్ డిప్లొమా చేసినవాడు ఈసెట్‌లో మెకానికల్ పేపరే రాయాలి, చేరేదీ దానికి దగ్గర బ్రాంచీల్లోనే. రెండో ఏట మనసు మారి "అక్కా, నాకు వేరేది కావాలి" అంటే ఏం చేస్తారు? మీరు అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడుంది.

ఎంపీసీ చదివినవాడు సైన్యంలో ఆఫీసర్ కావడానికి ఎన్‌డీఏ పరీక్ష రాయొచ్చు, జేఈఈ రాయొచ్చు, బీఎస్సీకి పోవచ్చు, ఐదేళ్ల లా కోర్సుకీ పోవచ్చు. మా దగ్గర ఎంపీసీ చదివిన కుర్రాడొకడు చివరికి సీఏ చేశాడు. పదిహేనేళ్ల పిల్లాడికి ఇంకో రెండేళ్లు ఆలోచించుకునే టైమివ్వడం తప్పా?

ఇంకో మాట. ఇంటర్ అనగానే మీకందరికీ ఆ లక్ష రూపాయల హాస్టలే ఎందుకు గుర్తొస్తుంది? ప్రభుత్వ జూనియర్ కాలేజీ అని ఒకటుంది. మాకు పీఆర్వోలు ఉండరు, మా పేరు చెప్పి టీవీలో "ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని ఎవరూ అరవరు, అంతే తేడా. అంతే తేడా అంటే అబద్ధమే అనుకోండి. కొన్నిచోట్ల లెక్చరర్ పోస్టులు ఖాళీగా ఉన్నాయి. చేరే ముందు ఆ కాలేజీకి వెళ్లి ఫిజిక్స్ చెప్పేవాళ్లు ఉన్నారా లేదా అడిగి చేర్చండి.

మసాబ్‌ట్యాంక్_సివిల్
అక్కా, నేనూ డిప్లొమానే. హైదరాబాద్‌లో మసాబ్‌ట్యాంక్ పాలిటెక్నిక్, సివిల్. మూడేళ్లు చదివి ఊరుకుంటే ఎట్లుంటదో నన్ను చూసి తెలుసుకోండి. చదువైపోగానే అపార్ట్‌మెంట్ సైట్లో సూపర్‌వైజర్‌గా 14 వేలకు చేరిన. పొద్దున ఆరింటికి కాంక్రీట్ బండి వస్తదంటే ఐదున్నరకే సైట్ మీద ఉండాలి. నాలుగేళ్ల తర్వాత ఒక బీటెక్ పిల్లగాడు కొత్తగా వచ్చిండు. బార్ బెండింగ్ షెడ్యూల్, అంటే ఇనప కడ్డీలు ఎంత కోసి ఎట్ల వంచాలో రాసిన పట్టిక, చదవడం నేనే నేర్పిన. ఏడాది తిరగకముందే ఆయన ఇంజనీర్, నేను అదే సూపర్‌వైజర్.

గవర్నమెంట్ ఉద్యోగాలు ఉన్నాయి కదా అంటారు. రైల్వే జేఈ (జూనియర్ ఇంజనీర్), స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జేఈ, రెండిటికీ డిప్లొమా చాలు, బేసిక్ జీతం 35,400. బాగనే ఉంది. కానీ అవే పోస్టులు బీటెక్ వాళ్లూ రాయొచ్చు, రాస్తున్నరు కూడా. మన వాటా అని ప్రత్యేకంగా ఏం లేదు.

ఈసెట్ రాద్దామనుకున్న ఏడాదే మా చెల్లె పెళ్లి కుదిరింది. తర్వాత రాద్దాంలే అనుకున్న. ఆ తర్వాత ఇంకా రాలేదు.

డ్రాఫ్టర్_కాకినాడ
మసాబ్‌ట్యాంక్ అన్నా, నువ్వన్నది కాదనను. కానీ ఇస్రోలో టెక్నికల్ అసిస్టెంట్ పోస్టుకి అడిగేది ఫస్ట్ క్లాస్ డిప్లొమానే కదా, బేసిక్ 44,900. మా సీనియర్ ఒకాయన శ్రీహరికోట షార్‌లో చేస్తున్నాడు.

మసాబ్‌ట్యాంక్_సివిల్
తమ్మీ, మీ బ్యాచ్ మొత్తంలో అట్ల పోయినోళ్లు ఎంతమంది?

డ్రాఫ్టర్_కాకినాడ
ఆయనొక్కడే.

ఇద్దరు_కొడుకుల_అమ్మ
రెసిడెన్షియల్ కాలేజీ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. మా పెద్దాణ్ణి వేశాం, పేరెందుకులెండి. అపార్ట్‌మెంటుని క్యాంపస్‌గా మార్చారు, ఆట స్థలం అంటే మెట్ల కింద పార్కింగే. తెల్లారి ఐదున్నరకి స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి లైట్లాపేవారు. ఆదివారం ఫోను, మనిషికి ఐదు నిమిషాలు. వెనక లైన్లో పిల్లలు "అయిపోయిందా, అయిపోయిందా" అనడం నాకు వినబడేది. వాడేం చెప్పేవాడో తెలుసా? "అమ్మా, కూర ఏంటి ఇవాళ?" అంతే. ఐదు నిమిషాలూ ఇంట్లో ఏం వండామో అడిగేవాడు. దసరాకి వచ్చి మళ్లీ వెళ్లనన్నాడు. ఫీజు వెనక్కివ్వలేదు. టీసీ కోసమే నెల తిప్పారు.

అలాగని అందరికీ అంతే అనలేను. మా చిన్నవాడు అలాంటి చోటే రెండేళ్లూ ఉన్నాడు, బాగా చదివాడు, స్నేహితులు కూడా అక్కడివాళ్లే ఇప్పటికీ. పిల్లాణ్ణి బట్టి ఉంటుంది. మీ తమ్ముడు షెడ్డులో గ్రీజు పూసుకుని తిరిగే పిల్లాడంటున్నారు. వాణ్ణి అడిగారా, ఆ పీఆర్వో చెప్పినదానికి వాడేమన్నాడు?

పీయూసీ_బ్యాచ్
531 వచ్చి, జెడ్పీ స్కూలయి, ట్రిపుల్ ఐటీ మాట ఒక్కరూ ఎత్తరేంటండీ! ఆర్‌జీయూకేటీ అనే ప్రభుత్వ యూనివర్సిటీవి అవి, 2008లో పెట్టారు. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం. పది మార్కులతోనే సీటు, ప్రభుత్వ బడి పిల్లలకి అదనంగా కొంత కలుపుతారు. రెండేళ్లు పీయూసీ (ఇంటర్ లాంటిదే), నాలుగేళ్లు బీటెక్, మధ్యలో ఈఏపీసెట్ (పాత ఎంసెట్) గోల లేదు. మాస్టారి భయం కూడా తీరుతుంది, బ్రాంచి ఎంచుకునేది పీయూసీ అయ్యాకే. హాస్టల్ మెస్ గురించి మాత్రం నన్నడగొద్దు.

లెక్కల_మాస్టారు
ఇది మంచి మాట. నేను మర్చిపోయాను. అయితే పీయూసీలో మార్కులు తగ్గితే కోరుకున్న బ్రాంచి రాదు, అదీ చెప్పు బాబూ.

పీయూసీ_బ్యాచ్
అవును సార్. మా రూములో ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ) కావాలన్న ఇద్దరికీ సివిల్ వచ్చింది.

గోస్తనీ_అక్క
అందరికీ థాంక్స్. ట్రిపుల్ ఐటీకి అప్లై చేశాం, లిస్టు రావాలి.

శనివారం ఊరెళ్లి వాణ్ణి తీసుకుని ఓ ప్రభుత్వ పాలిటెక్నిక్‌కి వెళ్లా. సెలవులైనా ఆఫీసు తెరిచే ఉంది. అటెండర్ తాళం తీసి వర్క్‌షాప్ చూపించాడు. లేత్ మెషీన్లు ఆరున్నాయి, నడిచేవి నాలుగే అన్నాడు. నాకు అక్కడే మనసు విరిగింది. వీడు మాత్రం నడవని మెషీను దగ్గరికెళ్లి, చక్ చేత్తో తిప్పి చూసి, "బేరింగ్ పోయిందక్కా, అంతే" అన్నాడు. అటెండర్ నవ్వి, "నువ్వు చేరరా బాబూ, అదే చేద్దువుగాని" అన్నాడు.

లెక్చరర్ ఒకరు కలిశారు. ఈసెట్‌కి ఎంతమంది వెళ్తారని అడిగితే, క్లాసులో సగం పైగా రాస్తారు, మొదటి ఏడాది లెక్కలు వదిలేసినవాళ్లు మూడో ఏట మొత్తుకుంటారు అన్నారు. 200 మార్కుల్లో వంద బ్రాంచివి, మిగిలిన వందలో లెక్కలే 50, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 25 అని కాగితం మీద రాసిచ్చారు. మాస్టారూ, మీరన్న ఆరు సీట్ల సంగతీ అడిగాను. "నిజమే, అందుకే మొదటి రోజు నుంచే చదవమంటాం" అన్నారు. దాటవేయలేదు, అది నచ్చింది.

తిరిగొస్తూ బస్సులో అడిగా, రేపు నీకు మెకానికల్ వద్దనిపిస్తే? అని. కాసేపు కిటికీలోంచి చూసి, "నీకు బీటెక్ వద్దనిపించలేదా ఎప్పుడూ?" అన్నాడు. అనిపించింది. రెండో ఏట నెల రోజులు ఏడ్చా కూడా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, వీడికెలా తెలిసిందో.

ఇప్పటికైతే ఇలా అనుకున్నాం. ట్రిపుల్ ఐటీ వస్తే దానికి. రాకపోతే పాలిటెక్నిక్, ప్రభుత్వ కాలేజీ అయితేనే. ప్రైవేటులో మెకానికల్ వచ్చినా చేర్చను, అప్పుడు మాస్టారు చెప్పిన జూనియర్ కాలేజీయే. పీఆర్వో ఫోన్ నాన్న ఎత్తడం మానేశాడు. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

డ్రాఫ్టర్_కాకినాడ
మెషీన్లంటే అంత పిచ్చి ఉన్నవాడికి హైదరాబాద్ బాలానగర్‌లో సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) కూడా చూడండి. టూల్, డై, మోల్డ్ మేకింగ్ డిప్లొమా, పది తర్వాత నాలుగేళ్లు. దాని ప్రవేశ పరీక్ష వేరు. ఈ ఏడాదికి గడువు దాటిందేమో కనుక్కోండి.

లెక్కల_మాస్టారు
నా అభిప్రాయం మారలేదమ్మా. పదిహేనేళ్లకి బ్రాంచి తొందరే. కాని ఆ బేరింగ్ సంగతి విన్నాక గట్టిగా అనలేకపోతున్నాను. ఒక్క పని చెయ్యండి. సెలవుల్లో రోజుకో గంట లెక్కలు చేయించండి, ట్రిగొనామెట్రీ నుంచి మొదలుపెట్టి. ఎటు వెళ్లినా అక్కరకొస్తుంది.

మసాబ్‌ట్యాంక్_సివిల్
వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు నెట్ సెంటర్ వాళ్లకి అప్పజెప్పకండి అక్కా. దగ్గర కూర్చుని మీరే పెట్టండి. మా దోస్తుకి వాళ్లే నలభై కాలేజీలు నింపేసిండ్రు, ఎక్కడో ప్రైవేటులో వచ్చింది.

గోస్తనీ_అక్క
అలాగే తమ్ముడూ. సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కి నాలుగో తరగతి నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతున్నారు. వీడు నాలుగు, ఐదు చదివిన ఎలిమెంటరీ స్కూలు మూతపడింది. అది ఎవరిస్తారో తెలుసా ఎవరికైనా?

ఇద్దరు_కొడుకుల_అమ్మ
మూసేసిన బడి రిజిస్టర్ల గురించి మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో అడగండి. మాకు అక్కడే దొరికాయి. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం నుంచి ఎవరూ ఉండరు.